రైల్వే ఎన్‌టీపీసీకి ఐదు నెలలే ఉంది, జీకే గుర్తుండట్లేదు, లెక్కలకి టైం చాలట్లేదు అన్న గాజువాక తమ్ముడికి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. డిగ్రీ అయ్యి రెండేళ్లు, పగలంతా విశాఖ ద్వారకానగర్‌లో బట్టల షాపులో పని, ఇల్లు గాజువాక, రైల్వే ఎన్‌టీపీసీ (నాన్ టెక్నికల్ పాపులర్ కేటగిరీస్) పరీక్షకి ఐదు నెలలు. జీకే ఎంత చదివినా వారం తిరిగేసరికి మర్చిపోతున్నావు, లెక్కలు వచ్చినవే అయినా టైంకి అవ్వట్లేదు, మాక్ టెస్టుల్లో 52, 55 దాటట్లేదు, అప్పు చేసైనా కోచింగ్‌లో చేరమంటారా అక్కా అని అడిగావు. నేను రైల్వేలో కమర్షియల్ విభాగంలో పనిచేస్తున్నాను. రెండుసార్లు పోయి మూడోసారికి వచ్చిన ఉద్యోగం ఇది. సెలవు దొరికిన ఆదివారాలు గోపాలపట్నంలో మా వీధి పిల్లల్ని కూర్చోబెట్టి ఇదే పరీక్షకి చదివిస్తుంటాను. కాబట్టి నాకు తెలిసింది, చేసి చూసింది మాత్రమే రాస్తాను. కొంచెం పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదువు.

ముందు అసలు మాట. నువ్వు తక్కువ చదవట్లేదు. చదివింది పుస్తకం మూసి ఒక్కసారి కూడా నీకు నువ్వు చెప్పుకోవట్లేదు. జీకే గైడు మళ్లీ మళ్లీ తిరగేస్తే ప్రతి లైనూ తెలిసినట్టే అనిపిస్తుంది, కళ్లకి అలవాటైపోయింది కాబట్టి. పరీక్షలో ఆ లైను కనబడదు కదా, ప్రశ్న మాత్రమే కనబడుతుంది. లెక్కలూ అంతే. వీడియోలో సార్ చేస్తుంటే మనకి వచ్చేసినట్టే ఉంటుంది, పెన్ను మన చేతికి వచ్చాక రెండో లైను దగ్గరే ఆగిపోతాం. నా మొదటి రెండు ప్రయత్నాలు అలాగే పోయాయి. మూడు గైడ్లు నాలుగేసిసార్లు చదివాను, ఒక్క పేజీ కూడా మూసి చెప్పుకోలేదు.

పరీక్ష లెక్క ఒకసారి సరిగ్గా చూసుకో. మొదటి దశ సీబీటీలో, అంటే కంప్యూటర్ మీద రాసే పరీక్షలో, 100 ప్రశ్నలు, 90 నిమిషాలు. జనరల్ అవేర్‌నెస్ (మనం జీకే అనేది) 40, మ్యాథ్స్ 30, రీజనింగ్ 30. అంటే ఒక్కో ప్రశ్నకి సగటున 54 సెకన్లు. రెండో దశలో అదే 90 నిమిషాలకి 120 ప్రశ్నలు, జీకే 50, మిగతా రెండూ చెరో 35. అక్కడ ఒక్కోదానికి 45 సెకన్లే. మొదటి దశ మార్కులు రెండో దశకి ఎవరిని పిలవాలో తేల్చడానికే వాడతారు, ఉద్యోగం తేల్చేది రెండో దశ నుంచి. అందుకే మొదటి దశ గట్టెక్కితే చాలని సగం సగం చదివిన పిల్లలు రెండో దశలో దెబ్బతింటారు. రెండిట్లోనూ ఎక్కువ వాటా జీకేదే అని గమనించావా? లెక్కల టెన్షన్‌తో దాన్నే మనవాళ్లు వెనక్కి నెడతారు. అది ఇరవై సెకన్లలో తేలిపోయే ప్రశ్న, వస్తే వచ్చినట్టు, రాకపోతే లేదు. అక్కడ మిగిల్చుకున్న టైమే లెక్కలకి పెట్టుబడి. నీకు టైం చాలకపోవడానికి సగం కారణం జీకే ప్రశ్నల దగ్గర ఆలోచిస్తూ ఆగిపోవడమే అయ్యుంటుంది, ఈసారి మాక్ రాసేటప్పుడు చూసుకో.

ఇక జీకే గుర్తుండే సంగతి. నువ్వు రోజూ గాజువాక నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్‌కి బస్సులో గంట దాకా కూర్చుంటావు కదా. ఆ దారే నీ పుస్తకం చేసుకో. సరదాకి చెప్పట్లేదు, నేను ఇలాగే చదివాను.

బస్సు మల్కాపురం మీదుగా వెళ్తే సింధియా వస్తుంది. ఆ పేరు ఎక్కడిది? సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీది. వాల్‌చంద్ హీరాచంద్ 1941లో ఇక్కడ నౌకా నిర్మాణ కేంద్రం మొదలుపెట్టారు, పునాదిరాయి వేసింది బాబూ రాజేంద్రప్రసాద్. స్వాతంత్ర్యం వచ్చాక ఇక్కడ కట్టిన ‘జల ఉష’ అనే ఓడని 1948లో నెహ్రూ నీళ్లలోకి దింపారు. తర్వాత అదే హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది. ఆ పక్కనే ఓడరేవు, 1933లో మొదలైంది. డాల్ఫిన్స్ నోస్ కొండ అడ్డుగా ఉండబట్టి సహజంగా రక్షణ ఉన్న రేవు. ఇక్కడి నుంచి దేశంలో పెద్ద ఓడరేవులు ఒక్కోటీ ఏ రాష్ట్రంలో ఉన్నాయో పడమటి తీరంలో కాండ్లా నుంచి తూర్పు తీరంలో కోల్‌కతా దాకా వరసగా చెప్పుకో. పారాదీప్ ఒడిశా, ఎన్నూర్ తమిళనాడు, న్యూ మంగళూరు కర్ణాటక, అలా. ఒక్క స్టాపు దగ్గర ఎన్ని ప్రశ్నలు వచ్చాయో చూడు.

నీ ఇంటి దగ్గరే ఉక్కు కర్మాగారం ఉంది. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అన్న ఉద్యమం 1966లో, ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసింది 1971 జనవరిలో. ఖనిజం ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా నుంచి వస్తుంది. ఇంతవరకూ మనందరికీ తెలుసు. పరీక్ష అడిగేది దీని చుట్టాల్ని. రెండో పంచవర్ష ప్రణాళిక, 1956 నుంచి 61, మహలనోబిస్ నమూనా, భారీ పరిశ్రమలకి పెద్దపీట. అప్పుడు వచ్చినవి మూడు: భిలాయ్ సోవియట్ సాయంతో, రూర్కెలా జర్మనీ సాయంతో, దుర్గాపూర్ బ్రిటన్ సాయంతో. బొకారో తర్వాతది, మళ్లీ సోవియట్. ఇక్కడి నుంచి కెమిస్ట్రీకి వెళ్లు. ఇనుము ధాతువు హెమటైట్, కొలిమిలో కోక్, సున్నపురాయి ఎందుకు వేస్తారు, మలినాలతో కలిసి స్లాగ్‌గా పైకి తేలడానికి. స్టెయిన్‌లెస్ స్టీల్‌లో ఏం కలుపుతారు, క్రోమియం, నికెల్. అంటే కూర్మన్నపాలెం గేటు చూసినప్పుడల్లా చరిత్ర, ఆర్థికం, భూగోళం, రసాయనం నాలుగూ కదులుతాయి. గైడులో అవి నాలుగు వేరు వేరు చాప్టర్లలో ఉంటాయి, అందుకే మర్చిపోతావు.

బీచ్ రోడ్డు కూడా ఇలాగే. కురుసుర సబ్‌మెరైన్ 2002లో మ్యూజియం అయింది. దాని ఎదురుగా నిలబడితే 1971 యుద్ధం గుర్తు రావాలి. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది మన తీరం దగ్గరే, డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక. మరి నౌకాదళ దినోత్సవం డిసెంబరు 4న జరిపేది ఘాజీ కోసమా? కాదు, కరాచీ రేవు మీద జరిపిన ఆపరేషన్ ట్రైడెంట్‌కి గుర్తుగా. ఇక్కడే మా పిల్లలు ముగ్గురు పప్పులో కాలేశారు. యుద్ధం తర్వాత సిమ్లా ఒప్పందం 1972 జులైలో, ఇందిరాగాంధీకీ భుట్టోకీ మధ్య. తాష్కెంట్ ఒప్పందం దీనికి ముందుది, 1966, లాల్ బహదూర్ శాస్త్రికీ అయూబ్ ఖాన్‌కీ మధ్య. ఈ రెండూ తారుమారు చేసి ఆప్షన్లు ఇస్తారు. బౌద్ధారామం ఉన్న తొట్లకొండ వెళ్తే బౌద్ధ సంగీతులు (బౌద్ధ భిక్షువుల మహాసభలు) నాలుగూ, ఎక్కడ, ఏ రాజు కాలంలో అని. హుద్‌హుద్ తుపాను తలచుకుంటే, 2014 అక్టోబరు 12, మన ఇళ్ల రేకులు ఎగిరిపోయిన రోజు, ఆ పేరు పెట్టింది ఒమన్, అదొక పక్షి పేరు, తుపాన్లకి దేశాలు వంతులవారీగా పేర్లు ఎలా ఇస్తాయి అన్నది.

రైల్వే పరీక్ష కాబట్టి రైల్వే సంగతులు వదలకు. దేశంలో మొదటి ప్రయాణికుల రైలు 1853 ఏప్రిల్ 16న, బోరీబందర్ నుంచి ఠాణే, 34 కిలోమీటర్లు. మొదటి కరెంటు రైలు 1925లో. రైల్వే బడ్జెట్‌ని 2017లో సాధారణ బడ్జెట్‌లో కలిపేశారు. మన ఊరే కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్ ప్రకటించింది 2019లో. ఏ జోన్‌కి ఏ ఊరు ముఖ్య కేంద్రం అన్నది పద్దెనిమిదీ రావాల్సిందే.

ఇవన్నీ చదవడానికి కాదు, చెప్పుకోవడానికి. ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకుని ప్రతి పేజీ నిలువునా మధ్యకి మడిచెయ్. ఎడమ పక్క ప్రశ్న మాత్రమే, కుడి పక్క జవాబు. బస్సులో మడత విప్పకుండా ఎడమ పక్క చూసి జవాబు పెదాల మీదే చెప్పుకో. రాకపోతే వెంటనే విప్పెయ్యొద్దు, ఒక స్టాపు దాకా తన్నుకులాడు. ఆ తన్నుకులాటలోనే అది బుర్రలో దిగుతుంది, ఇది నేను గట్టిగా చెప్తాను. రానిదానికి పెన్సిల్‌తో చుక్క పెట్టు. మర్నాడు చుక్కలున్నవి మాత్రమే, మూడు రోజుల తర్వాత మొత్తం పేజీ, వారం తర్వాత ఇంకోసారి. మూడుసార్లు వరసగా వచ్చినదాన్ని కొట్టేసి ముందుకి పో. రోజుకి పాతిక కొత్త ప్రశ్నలు చాలు. ఆరంభ శూరత్వంతో మొదటి వారం వంద రాసేసి రెండో వారం నోట్‌బుక్ ముట్టుకోనివాళ్లని చాలామందిని చూశాను.

ఏం చదవాలి అంటే, ఆరు నుంచి పది దాకా మన స్టేట్ సోషల్, సైన్స్ పుస్తకాలు. పాతవైనా పర్లేదు, పక్కింటి పిల్లలవి అడుగు. సైన్స్ ప్రశ్నలు పదో తరగతి స్థాయి దాటవు. తర్వాత ఈ పరీక్షవే పాత పేపర్లు, ఎన్ని షిఫ్టులు దొరికితే అన్ని. రోజుల తరబడి చాలా షిఫ్టుల్లో జరుగుతుంది కాబట్టి పాత ప్రశ్నలు వందలకొద్దీ దొరుకుతాయి, ఏ మూల నుంచి ఎలా అడుగుతారో వాటిని చూస్తే తెలిసిపోతుంది. పీడీఎఫ్‌లు వచ్చిపడే గ్రూపుల్లోంచి మాత్రం ఈ రోజే బయటికి వచ్చెయ్. నీ ఫోన్లో ఎన్ని పీడీఎఫ్‌లు ఉన్నాయో, వాటిలో ఎన్ని తెరిచావో నువ్వే లెక్కేసుకో.

కరెంట్ అఫైర్స్‌కి రోజూ పేపరు ఇరవై నిమిషాలు, అంతకు మించి వద్దు. ఒక వార్తని ఒంటరిగా రాయొద్దు, దాని వెనకటిది కూడా రాయి. 2024 డిసెంబరులో గుకేశ్ సింగపూర్‌లో డింగ్ లిరెన్ మీద గెలిచి ప్రపంచ చెస్ చాంపియన్ అయ్యాడు. పక్కనే, ఆ టైటిల్ గెలిచిన తొలి భారతీయుడు విశ్వనాథన్ ఆనంద్, 2000లో. దేశంలో తొలి గ్రాండ్‌మాస్టర్ కూడా ఆయనే, 1988లో. కొత్త వార్తని అడ్డం పెట్టుకుని పాత సంగతి అడగడం వీళ్ల అలవాటు.

లెక్కల విషయానికొస్తే, నీకు పద్ధతి తెలుసు, చేతి వేగం లేదు. వేగం రావాలంటే కొన్ని నోటికి రావాల్సిందే, ఇక్కడ మాత్రం బట్టీకి సిగ్గుపడొద్దు. 30 దాకా వర్గాలు, 15 దాకా ఘనాలు, 20 దాకా ఎక్కాలు, భిన్నాలకి శాతాలు. 648లో 37.5 శాతం అంటే గుణించడం మొదలుపెట్టేవాడికి నిమిషం పడుతుంది. 37.5 అంటే 3/8 అని తెలిసినవాడికి 648లో ఎనిమిదో వంతు 81, మూడు రెట్లు 243, ఐదు సెకన్లు. రైలు లెక్కల్లో గంటకి కిలోమీటర్లని సెకనుకి మీటర్లుగా మార్చడానికి ప్రతిసారీ 5/18 వేస్తూ కూర్చోకు. 18కి 5, 36కి 10, 54కి 15, 72కి 20, 90కి 25 అని గుర్తుంచుకో. 180 మీటర్ల రైలు 54 కిలోమీటర్ల వేగంతో 120 మీటర్ల ప్లాట్‌ఫాం ఎంతసేపట్లో దాటుతుంది? మొత్తం 300 మీటర్లు, వేగం 15, 20 సెకన్లు. పెన్ను పెట్టనక్కర్లేదు. కాలం–పని లెక్కల్లో భిన్నాలు మానేసి క.సా.గు. పట్టుకో. ఒకరికి 12 రోజులు, ఇంకొకరికి 18 రోజులు అంటే మొత్తం పని 36 భాగాలు అనుకో, ఒకరు రోజుకి 3, ఇంకొకరు 2, కలిపి 5, అంటే 7.2 రోజులు. శాతాలు, నిష్పత్తి, లాభనష్టాలు, వడ్డీలు, సగటు, కాలం–పని, కాలం–దూరం, ఈ ఏడు మొదటి రెండు నెలల్లో గట్టిపడాలి. క్షేత్రమితి, త్రికోణమితి తర్వాత. వీడియో చూడాల్సి వస్తే లెక్క ప్రశ్న కనబడగానే ఆపేసి ముందు నువ్వు చెయ్, అప్పుడే సార్ చేసేది చూడు.

రీజనింగ్ గురించి ఎక్కువ రాయను, అది అభ్యాసంతో వచ్చేదే. రోజుకి 30 ప్రశ్నలు టైం పెట్టుకుని చెయ్. రక్తసంబంధాలకి బొమ్మ గీసుకో, బుర్రలో కట్టకు.

ఇక నెగెటివ్ మార్కులు. ఇక్కడే నీ 55 ఇరుక్కుని ఉందని నా అనుమానం. ఒక తప్పుకి మూడో వంతు మార్కు పోతుంది, అంటే మూడు తప్పులకి ఒక ఒప్పు గల్లంతు. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా పెడితే నాలుగింట ఒకటి తగులుతుంది, మూడు పోతాయి. ఒకటి వచ్చి ఒకటి పోయింది, చేతికి సున్నా. దానికి టైం ఖర్చు అదనం. కానీ రెండు ఆప్షన్లు కచ్చితంగా కావని తెలిసి మిగతా రెండిట్లో ఒకటి పెడితే, అలాంటివి పది పెట్టినప్పుడు సగటున ఐదు ఒప్పు, ఐదు తప్పు, చేతికి 3.33 మార్కులు. అది వదులుకోకూడదు. ఒక్క ఆప్షనే కొట్టేయగలిగితే లాభం మరీ సన్నం, నేనైతే చివర్లో టైం మిగిలితేనే ముట్టుకుంటాను. నేను పోగొట్టుకున్న రెండో పరీక్షలో ఒక్క ప్రశ్న కూడా వదలకుండా పెట్టాను. వందా పెట్టి బయటికొచ్చి చాలా సంతోషపడ్డాను. ఆ నెలంతా అమ్మకి వచ్చేసిందనే చెప్పాను. లిస్టులో నా నంబరు లేదు. దాని తర్వాతే ఏది పెట్టాలో, ఏది వదలాలో లెక్కేసుకోవడం నేర్చుకున్నాను.

పరీక్షలో మూడు రౌండ్లు తిరుగు. మొదటి రౌండులో ఒకటి నుంచి వంద దాకా చూడగానే వచ్చేవి మాత్రమే, జీకే అంతా ఇక్కడే తేలిపోవాలి. రెండో రౌండులో దారి తెలిసి పని ఉన్నవి. మూడో రౌండులో మార్క్ ఫర్ రివ్యూ (మళ్లీ చూద్దామని గుర్తు) పెట్టుకున్నవి. లెక్క ఎంత తెలిసినదైనా నిమిషంన్నర దాటితే వదిలెయ్, మొండిగా పట్టుకుంటే దాని వెనకున్న తేలిక ప్రశ్నలు మూడు పోతాయి. ఇంకోటి, తెలుగులో రాస్తున్నావు కాబట్టి చెప్తున్నాను. మన భాషలో కాదు, లేదు అన్నవి వాక్యం చివర వస్తాయి. ‘కింది వాటిలో సరికానిది’ అని ఉంటే తొందరలో ‘సరి’ దగ్గరే చదవడం ఆపేస్తాం. ప్రశ్న తోక చదివాకే ఆప్షన్ల మీదకి వెళ్లడం అలవాటు చేసుకో. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీషులో ఉన్నదే ప్రమాణం, అందుకని సైన్స్ మాటలు రెండు భాషల్లోనూ రాసుకో. వక్రీభవనం పక్కన రిఫ్రాక్షన్, కిరణజన్య సంయోగక్రియ పక్కన ఫొటోసింథసిస్, అలా.

కోచింగ్ గురించి అడిగావు. అప్పు చెయ్యొద్దు. శాతాలు, నిష్పత్తి కూడా అస్సలు రాని పిల్లలకి మూడు నెలలు ఎవరో ఒకరు పక్కన కూర్చుని చెప్పాలి, అది నిజం. నీకు పద్ధతులు వచ్చు. జీకేకి మాత్రం ఎవరికీ ఒక్క రూపాయి కట్టొద్దు. ఆ డబ్బులో కాస్త పెట్టి మంచి మాక్ టెస్ట్ సిరీస్ ఒకటి కొనుక్కో, పుస్తకాలకి ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీ ఉంది, నీ షాపుకి దగ్గరే, సెలవు రోజున పొద్దున్నే వెళ్లి కూర్చో.

నీ రోజు నేనైతే ఇలా పెట్టుకుంటాను. పొద్దున్న ఐదు నుంచి ఏడు దాకా లెక్కలు, బుర్ర తాజాగా ఉన్నప్పుడే. బస్సులో వెళ్లేటప్పుడు మడత నోట్‌బుక్, వచ్చేటప్పుడు అలసిపోయి ఉంటావు, అప్పుడు కళ్లు మూసుకుని పొద్దున్న చెప్పుకున్నదే ఇంకోసారి. రాత్రి గంట రీజనింగ్, కొత్త పాతిక ప్రశ్నలు రాసుకోవడం. పదకొండుకి పడుకోవాల్సిందే. షాపులో రోజంతా నిలబడేవాడివి, నిద్ర తగ్గించుకుని చదివితే ఆ చదువు నిలవదు.

మాక్ టెస్టులు మొదటి మూడు నెలలు వారానికి ఒకటి, తర్వాత రెండు. రాయడానికి గంటన్నర పడితే దాన్ని విప్పి చూసుకోవడానికి రెండు గంటలు పెట్టు. ప్రతి తప్పు పక్కన ఒక అక్షరం రాయి. తెలియనిదానికి ‘తె’, తెలిసీ మర్చిపోయినదానికి ‘మ’, తొందరలో తప్పు చదివినదానికి ‘తొ’, టైం చాలక వదిలేసినదానికి ‘టై’, గుడ్డిగా పెట్టినదానికి ‘గు’. నాలుగు మాక్‌ల తర్వాత ఏ అక్షరం ఎక్కువుందో అదే నీ రోగం. ‘మ’ ఎక్కువుంటే కొత్తవి చదవడం ఆపి పాత పేజీలు చెప్పుకో. ‘గు’ ఎక్కువుంటే చదువుతో పనిలేదు, చెయ్యి ఆపుకుంటే మార్కులు పెరుగుతాయి.

సెంటర్ దూరం పడొచ్చు. ఏ ఊరన్నది పది రోజుల ముందు తెలుస్తుంది, తెలియగానే రైలు టికెట్టు చేయించుకో, ముందు రోజు సాయంత్రానికి ఆ ఊళ్లో ఉండేలా చూసుకో. షాపు యజమానికి ఇప్పుడే ఒక మాట చెప్పి ఉంచు, ఆఖరి నిమిషంలో సెలవు కోసం గొడవ పడి ఆ చిరాకుతో పరీక్ష హాలుకి వెళ్లొద్దు. వేరే షిఫ్టువాళ్లు నాకు 85 వచ్చాయి, 90 వచ్చాయి అంటే పట్టించుకోకు, షిఫ్టుకీ షిఫ్టుకీ మార్కులు సరిచేసి చూస్తారు.

ఈ వచ్చే సెలవు రోజున ఒక పాత పేపరు తీసి, ఫోన్ పక్క గదిలో పెట్టి, 90 నిమిషాలు గడియారం చూసుకుని రాయి. స్కోరు నాకు చెప్పనక్కర్లేదు. ‘తె’లు ఎన్ని, ‘మ’లు ఎన్ని, ‘గు’లు ఎన్ని అన్నది రాసి పంపు, తర్వాత నెల ఏం చదవాలో దాన్ని చూసి చెప్తాను.